ఫొటోను ఎంత సైజులో ప్రింట్ వేయించాలి? రెండు ఫొటోలు, ఒక గోడ

వెలుగునీడ:

సభ్యులందరికీ నమస్కారం. చాలాకాలంగా ఫొటోలు తీస్తున్నప్పటికీ తెరమీద చూసుకోవడంతోనే సరిపెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు రెండు ఫొటోలను గోడకు ఎక్కించాలని నిశ్చయించుకున్నాను. మొదటిది తెల్లవారుజామున పొగమంచు కమ్మిన చెరువు. ముందువైపు రెల్లుగడ్డి, దూరంగా తాడుతో కట్టేసి ఉన్న పడవ. రెండవది మా అమ్మమ్మ ముఖచిత్రం, నిలువు ఫ్రేము. రెండూ 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో (బొమ్మను నమోదుచేసే సెన్సరు 36×24 మిల్లీమీటర్లు ఉండేది) తీసినవే.

చెరువు ఫొటో పెట్టదలచిన గోడ కింద ఆరడుగుల సోఫా ఉంది. ఎదురుగా కూర్చునేవారికి ఆ గోడ సుమారు రెండున్నర మీటర్ల దూరంలో ఉంటుంది. 24×36 అంగుళాల ప్రింట్ వేయించాలని నా ఆలోచన. 40×60 అయినా ఏమీ కాదని ఒక మిత్రుడు, 12×18 దాటితే బొమ్మ చెదిరిపోతుందని మరొక మిత్రుడు గట్టిగా చెబుతున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. ఏ లెక్కన నిర్ణయించుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

లెక్కలపంతులు:

వెలుగునీడ గారూ, ముందుగా పిక్సెళ్ల లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే మీ మిత్రులిద్దరి మాటలూ అక్కడినుంచే పుట్టినట్టున్నాయి. 24 మెగాపిక్సెళ్ల ఫైలులో సాధారణంగా పొడవున 6000, వెడల్పున 4000 పిక్సెళ్లు ఉంటాయి. ప్రింట్ పొడవును అంగుళాలలో తీసుకుని దానితో 6000ను భాగిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడతాయో తెలుస్తుంది. ఆ ప్రకారం 12×18 ప్రింటుకు 333, 16×24కు 250, 20×30కి 200, 24×36కు 166, 40×60కి సరిగ్గా 100 వస్తాయి. ల్యాబులవారు తరచుగా చెప్పే 300 అనే అంకెను పట్టుకుంటే మీ ఫైలు 20×13 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. మీ రెండవ మిత్రుడు ఆ అంకెనే నియమంగా భావిస్తున్నారని నా ఊహ.

అయితే 300 అనేది చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు సరిపోయే కొలత మాత్రమే. గోడమీది ప్రింటుకు దానిని యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

ముక్కాలిపీట:

పంతులు గారు ఆపినచోటనుంచి అందుకుంటాను. మామూలు చూపు ఉన్న కన్ను దాదాపు ఒక నిమిషం కోణం, అంటే డిగ్రీలో అరవయ్యవ వంతు, ఎడంలో ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలుగుతుంది. 30 సెంటీమీటర్ల దూరంలో ఆ కోణం 0.087 మిల్లీమీటర్లకు సమానం కనుక అంగుళానికి సుమారు 290 చుక్కలు అవుతాయి. అందరూ వల్లించే 300 అక్కడినుంచే వచ్చింది. చూసే దూరం పెరిగినకొద్దీ అదే నిష్పత్తిలో అవసరం తగ్గుతుంది. 60 సెంటీమీటర్లకు 146, ఒక మీటరుకు 87, రెండు మీటర్లకు 44 చాలు. పదునైన అంచులను, సన్నని గీతలను కన్ను ఈ లెక్కకంటే మెరుగ్గా పట్టుకుంటుంది కాబట్టి నేను వచ్చిన అంకెను రెట్టింపు చేసుకుంటాను. మీ రెండున్నర మీటర్లకు రెట్టింపు చేసినా అంగుళానికి 70 పిక్సెళ్లు దాటవు. ఆ లెక్కన 40×60 కూడా నిలుస్తుంది. మీ మొదటి మిత్రుడి మాటా నిరాధారం కాదు.

దూరం మహిమ తెలియాలంటే న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో 1950 నుంచి 1990 వరకు కొడాక్ సంస్థ ప్రదర్శించిన కలరామా ఫొటోలను తలచుకోవచ్చు. అవి 18 అడుగుల ఎత్తు, 60 అడుగుల వెడల్పు ఉండేవి. హాలులో నడిచి వెళ్లేవారు తలెత్తి దూరంనుంచి చూసేవారే తప్ప వాటికి ముక్కు ఆనించి చూసేవారు లేరు.

చీకటిగది:

దూరం లెక్క కాగితంమీద బాగానే ఉంటుంది. మనుషులు మాత్రం దానికి కట్టుబడి నిలబడరు. సోఫామీదినుంచి చూసిన అతిథికి ఫొటో నచ్చిందంటే లేచి దగ్గరకు వస్తాడు. నచ్చిన ఫొటోకు జరిగే మర్యాద అదే. ఫొటోలు తీసే అలవాటున్న అతిథి అయితే చేయిచాపు దూరంలోకి వచ్చేదాకా ఆగడు. కాబట్టి వెలుగునీడ గారు సోఫా దూరాన్ని కాక, గోడ దగ్గర మనిషి ఎంతవరకు రాగలడో ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సోఫా అడ్డుగా ఉంది కాబట్టి అది ముప్పావు మీటరు నుంచి మీటరు వరకు ఉంటుందనుకుంటాను. అంత దగ్గరనుంచి 40×60 చూస్తే రెల్లుగడ్డి పోచలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఇప్పటివరకు జరిగిన చర్చ అంతా ఎంత పెద్దగా వేయగలం అన్నదాని చుట్టూ తిరిగింది. ఈ ఫొటోకు ఎంత కొలత నప్పుతుంది అని ఎవరూ అడగలేదు. ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 8×10 అంగుళాల నెగెటివును కాగితంమీద నేరుగా ఆనించి, ఏమాత్రం పెద్దది చేయకుండా అదే కొలతలో ప్రింట్లు వేసేవాడు. మరొక ఫొటోగ్రాఫర్ ఆంద్రే కెర్తేజ్ 1920లలో పారిస్‌లో ఉన్నప్పుడు పోస్టుకార్డు కాగితంమీద అరచేతిలో ఇమిడే ప్రింట్లు వేశాడు. వాటిలో కొన్నింటిని కాగితం మధ్యలో చిన్న చతురస్రంగా వదిలి, చుట్టూ తెల్లని ఖాళీ ఉంచాడు. వాటిని మీటరు పొడవుకు సాగదీస్తే ఆ గుట్టు పోతుంది. చిన్న ప్రింట్ చూసేవాణ్ణి ఒక్కణ్ణే దగ్గరకు పిలుస్తుంది. పెద్ద ప్రింట్ గదిలో ఉన్న అందరితోనూ ఒకేసారి మాట్లాడుతుంది. మీ రెండు ఫొటోలలో ఏది ఎవరితో మాట్లాడాలో ముందు తేల్చుకోండి.

తేజోరేఖ:

చీకటిగది గారి మాటతో సగం ఏకీభవిస్తాను. చిన్నదే గొప్పదన్న ధ్వని మాత్రం నాకు రుచించలేదు. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో చేసిన రైన్ 2 ఫొటో దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో ఉన్నది గడ్డి, నీరు, మబ్బుపట్టిన ఆకాశం, అడ్డంగా సాగిన పట్టీలు మాత్రమే. అరచేతి కొలతలో చూస్తే ఎవరూ రెండవసారి తలతిప్పరు. చూపు ఒక చివరినుంచి మరొక చివరికి ప్రయాణించవలసి వచ్చినప్పుడే దాని బలం తెలుస్తుంది. పొగమంచు కమ్మిన చెరువు కూడా ఆ కోవకు చెందినదే: ఖాళీ ఎక్కువ, వస్తువు తక్కువ. ఖాళీయే విషయమైన ఫొటోను చిన్నది చేస్తే ఆ ఖాళీ ఉత్త తెల్లకాగితంలా మిగిలిపోతుంది.

ముఖచిత్రం సంగతి వేరు. ముఖాల విషయంలో నాకొక సొంత కొలత ఉంది. పెద్దవారి తల గడ్డంనుంచి నడినెత్తివరకు సుమారు 22 సెంటీమీటర్లు ఉంటుంది. ప్రింటులో తల అంతకంటే పెద్దదైతే అది ఇంట్లో మనిషిలా కాక ప్రకటన బోర్డులా మారడం మొదలవుతుంది. ఫొటోగ్రాఫర్ థామస్ రఫ్ 1980లలో సాదాసీదా ముఖాలను 210 సెంటీమీటర్ల ఎత్తుకు పెంచి ప్రదర్శించినప్పుడు ఆ అసహజత్వమే అతనికి కావలసింది. చర్మంమీది ప్రతి రంధ్రమూ కనిపిస్తుంది, మనిషి మాత్రం అంతుచిక్కడు. మీ అమ్మమ్మగారి ఫొటోకు మీకు కావలసింది అది కాదనుకుంటాను. ఆ ఫొటోలో తల ఫ్రేము ఎత్తులో ఎంత భాగం ఉందో చెప్పండి.

వెలుగునీడ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. అమ్మమ్మ ఫొటోలో తల ఫ్రేము ఎత్తులో సుమారు మూడవ వంతు ఉంటుంది; కింద ఒడిలో పెట్టుకున్న చేతులు కూడా కనిపిస్తాయి. చెరువు ఫొటో గురించి మరొక వివరం చెప్పాలి. కుడివైపున్న కరెంటు స్తంభాన్ని తొలగించడానికి దానిని కొంత కత్తిరించాను కనుక ఇప్పుడు అందులో 4200×2800 పిక్సెళ్లు ఉన్నాయి. 35 మిల్లీమీటర్ల లెన్సుతో తీశాను.

లెక్కలపంతులు:

అయితే లెక్క మారుతుంది. 4200×2800 అంటే 12 మెగాపిక్సెళ్లకు కొంచెం తక్కువ. 16×24 ప్రింటుకు అంగుళానికి 175, 20×30కి 140, 24×36కు 116, 40×60కి 70 పిక్సెళ్లు వస్తాయి. ముక్కాలిపీట గారు వేసిన లెక్కకు 40×60 ఇప్పటికీ అంచుమీద నిలుస్తుంది. చీకటిగది గారు చెప్పినట్టు మీటరు దూరాన్ని తీసుకుని రెట్టింపు చేస్తే 174 కావాలి. అంటే 16×24 నిశ్చింతగా సరిపోతుంది, 20×30 కొంత సర్దుబాటుతో కుదురుతుంది.

పిక్సెళ్లు చాలినంత మాత్రాన పని పూర్తికాదు. లెన్సు ఫోకస్ ఎంతవరకు పదునుగా ఉంటుందో చెప్పే డెప్త్ పట్టికలు ఫుల్ ఫ్రేమ్ సెన్సరుమీద 0.03 మిల్లీమీటర్ల మసకను అనుమతిస్తాయి. 8×10 అంగుళాల ప్రింటును చేతిలో పట్టుకుని చూస్తారన్న ఊహతో ఆ అంకెను పెట్టారు. మీరు కత్తిరించిన ఫొటో సెన్సరుమీద 25 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఆక్రమిస్తుంది. దానిని 36 అంగుళాలకు పెంచితే పెరుగుదల 36 రెట్లు, ఆ మసక కూడా 1.1 మిల్లీమీటర్లు అవుతుంది. పట్టిక ప్రకారం పదునుగా ఉండవలసిన రెల్లుపోచ పెద్ద ప్రింటులో ఎందుకు మెత్తబడుతుందో దీనినిబట్టి అర్థమవుతుంది. చేయి వణికినా, ఎపర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) f/22 వరకు మూసినా ఇదే జరుగుతుంది. చిన్న ప్రింటులో దాగిన లోపాలన్నీ పెద్ద ప్రింటులో బయటపడతాయి.

ముక్కాలిపీట:

కత్తిరించారని తెలియక 40×60ను సమర్థించాను. ఇప్పుడు నేనైతే దానికి ఓటు వేయను. అయితే మీటరు దూరాన్నే ప్రమాణం చేసుకోవడం మాత్రం అతి జాగ్రత్త అవుతుందని ఇంకా భావిస్తున్నాను. పొగమంచు ఫొటోలో సూక్ష్మమైన వివరం ఫ్రేములో నాలుగవ వంతుకు మించి ఉండదు. ఆకులు, ఇటుకలు, జనసమూహం ఉన్న ఫొటోకు పెట్టే షరతును దీనికి పెట్టనక్కరలేదు.

మరొక చిన్న విషయం. లెన్సు నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంత్, మీది 35 మిల్లీమీటర్లు) పెరుగుదలతో హెచ్చిస్తే ప్రింటులోని దూరభారాలు సహజంగా కనిపించే స్థానం వస్తుంది. 35 మిల్లీమీటర్లను 36తో హెచ్చిస్తే మీ 24×36 ప్రింటుకు దాదాపు 126 సెంటీమీటర్లు. చూసేవారు ఆ దూరానికి అటూఇటూ ఉన్నా నష్టం లేదు. కానీ వెడల్పాటి లెన్సుతో తీసిన ఫొటోను చిన్నగా వేసి దూరంనుంచి చూస్తే ముందున్న గడ్డికీ వెనకున్న పడవకీ మధ్య దూరం అసలుకంటే ఎక్కువ సాగినట్టు కనిపిస్తుంది. పెద్ద ప్రింటుకు అది కూడా ఒక సమర్థన.

పాతలెన్స్:

సైజుపై ఇంత చర్చ జరిగినా నిష్పత్తి గురించి ఎవరూ ప్రస్తావించలేదు. వెలుగునీడ గారి ఫొటోలు 3:2 నిష్పత్తిలో ఉన్నాయి కాబట్టి 8×12, 12×18, 16×24, 20×30, 24×36 అన్నీ ఏమీ కోల్పోకుండా సరిపోతాయి. 8×10 లేదా 16×20 ఫ్రేము దొరికిందని అందులో పెట్టబోతే పొడవులో ఆరవ వంతు తెగిపోతుంది. ఎ3 కాగితం నిష్పత్తి వేరు కనుక 3:2 ఫొటోను పూర్తి పొడవున వేస్తే పైనా కిందా కలిపి 17 మిల్లీమీటర్లు తెల్లగా మిగులుతాయి. అదేమీ లోపం కాదు. 4:3లో తీసే ఫోనులవారికి 12×16, 18×24 నప్పుతాయి.

ఫ్రేముతో కలిపిన కొలతను కూడా మరచిపోకండి. 20×30 ప్రింటుకు చుట్టూ మూడంగుళాల మౌంట్ (ఫ్రేములో ఫొటో చుట్టూ ఉండే అట్ట అంచు) పెడితే గోడమీద కనిపించేది 26×36. సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులనుంచి నాలుగింట మూడు వంతుల వరకు ఆక్రమించేది కంటికి ఇంపుగా ఉంటుందని గదులు అలంకరించేవారు అంటారు. ఆరడుగుల సోఫాకు ఆ లెక్క 48 నుంచి 54 అంగుళాలు. నాకు ఆ సూత్రంమీద పెద్దగా నమ్మకం లేదు. గోడ నిండాలన్న ఆత్రంతో ఫొటోను దాని శక్తికి మించి సాగదీసినవారిని చాలామందిని చూశాను. గోడ నింపవలసిన పని ఫొటోది కాదు.

తేజోరేఖ:

మౌంట్ గురించి పాతలెన్స్ గారు చెప్పింది అక్షరాలా నిజం. పొగమంచు అంచుల్లో తెలుపు ఎక్కువ కనుక, మౌంట్ స్వచ్ఛమైన తెలుపు అయితే మంచు మురికిగా కనిపించే ప్రమాదం ఉంది. కొంచెం లేతపసుపు ఛాయ ఉన్నది చూడండి.

అమ్మమ్మగారి ఫొటో లెక్క ఇదీ: తల ఎత్తులో మూడవ వంతు కనుక 16×24 నిలువు ప్రింటులో తల ఎనిమిది అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్లు వస్తుంది. దాదాపు అసలు తల కొలతే. అంతకు మించవద్దు. నా ఎంపిక అయితే 12×18. తల 15 సెంటీమీటర్లు, చేతులమీది గీతలు రెండడుగుల దూరంనుంచి చదవగలిగేటట్టు ఉంటాయి.

చీకటిగది:

ఇన్ని లెక్కలు వేసుకున్న తరువాత కూడా ఒక పరీక్ష చేయనిదే ఆర్డరు ఇవ్వకండి. అది రెండు భాగాలు. మొదట పాత వార్తాపత్రికలను అతికించి 16×24, 20×30, 24×36 కొలతల్లో కత్తిరించి, ఒక్కొక్కదాన్ని గోడమీద రెండుమూడు రోజులు ఉంచండి. మధ్యబిందువు నేలనుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా పెట్టండి. కూర్చుని చూసేవారే ఎక్కువైతే కాస్త దించండి. గదిలోకి వచ్చిన ప్రతిసారీ అది కళ్లకు అడ్డుపడుతోందా, లేక కనిపించకుండా పోతోందా గమనించండి.

రెండవది అంతకంటే ముఖ్యం. మొత్తం ఫొటోను అసలు వేయదలచిన సైజుకు పెంచి, అందులోంచి ఎ4 కాగితమంత ముక్కను మాత్రమే కత్తిరించి, అదే రకం కాగితంమీద ప్రింట్ వేయించండి. అతి తక్కువ ఖర్చుతో పెద్ద ప్రింట్ అసలు స్వరూపం బయటపడుతుంది. ముక్కను ఎంచుకునేటప్పుడు బాగా వచ్చిన భాగాన్ని కాక, మీకు అనుమానం ఉన్న భాగాన్ని తీసుకోండి. చెరువు ఫొటోలో రెల్లుగడ్డి ఒక ముక్క, పడవ తాడు ఒక ముక్క, పొగమంచు ఆకాశంలో కలిసేచోటు ఒక ముక్క చాలు.

నిశ్చలం:

తెరమీద వంద శాతానికి పెంచి చూసి భయపడేవారికి ఒక మాట. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటరులో అంగుళానికి 92 పిక్సెళ్లు ఉంటాయి. 6000 పిక్సెళ్ల ఫొటోను అందులో వంద శాతంలో చూడడమంటే 65 అంగుళాల ప్రింటును చేయిచాపు దూరంనుంచి చూడడమే. వెలుగునీడ గారి 36 అంగుళాల ప్రింటును అసలు కొలతలో చూడాలంటే దాదాపు 79 శాతానికి పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుంటే చాలు.

సాఫ్ట్‌వేరుతో పిక్సెళ్లు పెంచుకోవడం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతాను. 2021లో అడోబీ తెచ్చిన సూపర్ రిజల్యూషన్ లాంటివి ఒక్కొక్క వైపును రెట్టింపు చేసి మొత్తం పిక్సెళ్లను నాలుగింతలు చేస్తాయి. గడ్డికీ రాళ్లకూ నేను నిస్సంకోచంగా వాడతాను. ముఖాల విషయంలో ఈ తరహా పనిముట్లతో జాగ్రత్త అవసరం; కొన్ని లేని ముడతను కల్పిస్తాయి, ఉన్న మచ్చను చెరిపేస్తాయి. అమ్మమ్మగారి ముఖాన్ని వాటి చేతిలో పెట్టకండి.

వెలుగునీడ:

మీరందరూ చెప్పినట్టు పరీక్ష ముక్కలు వేయించి చూశాను. ఫలితం ఆసక్తిగా ఉంది. 24×36 కొలతలో వేసిన రెల్లుగడ్డి ముక్క సోఫా ఎదురునుంచి చాలా బాగుంది. మీటరు దూరానికి వచ్చేసరికి పోచల కొసలు నీటిలో నానిన దారాల్లా ఉబ్బాయి. పడవ తాడులోని పేట తెలియడం లేదు. ఉత్త బూడిదరంగు గీతగా మిగిలింది. 20×30 ముక్కలో తాడు పేట సరిగ్గా తెలిసీతెలియనట్టుంది, గడ్డి మాత్రం నిలబడింది.

నేను ఊహించని సమస్య పొగమంచు ముక్కలో ఎదురైంది. బూడిదరంగు తెలుపులోకి మారేచోట మెట్లుమెట్లుగా పట్టీలు కనిపించాయి. తెరమీద అది ఎన్నడూ కనిపించలేదు.

వార్తాపత్రిక పరీక్షలో 24×36 గదిని మింగేసినట్టు అనిపించింది. 20×30ను మౌంటుతో కలిపి 26×36గా కత్తిరించి పెట్టాక ఇంట్లోవారెవరూ దాని గురించి ప్రశ్నించడం మానేశారు. కాబట్టి చెరువుకు 20×30, అమ్మమ్మకు 12×18 అనుకుంటున్నాను. అమ్మమ్మ ఫొటోను సోఫా గోడమీద కాక, చదువుకునే బల్ల పక్కన పెడతాను.

లెక్కలపంతులు:

ఆ పట్టీలు జేపీఈజీ ఫైలును చాలాసార్లు దిద్దడంవల్ల వచ్చి ఉంటాయి. అందులో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి; మంచులాంటి మెత్తని మార్పును దిద్దినకొద్దీ వాటి మధ్య ఎడం పెరుగుతుంది. మీ వద్ద రా ఫైలు (కెమెరా కుదించకుండా భద్రపరచిన అసలు ఫైలు) ఉంటే, మెట్లు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే 16 బిట్లలో మళ్లీ మొదటినుంచి దిద్దండి. అది సరిపోకపోతే అతి స్వల్పంగా గ్రెయిన్ (ఇసుకలాంటి సన్నని చుక్కలు) చేర్చండి. పట్టీ అంచు చెదిరిపోతుంది.

ముక్కాలిపీట:

నేనైతే ఇప్పటికీ 24×36నే వేయిస్తాను, తాడు పేట కోసం మంచు విస్తీర్ణాన్ని వదులుకోను. కాన్వాస్ లేదా గరుకు మ్యాట్ కాగితంమీద వేస్తే ఆ మెత్తదనం కాగితం గరుకుదనంలో కలిసిపోతుంది. నున్నటి గ్లాసీ కాగితం మాత్రం దేనినీ దాచదు. కానీ గోడా మీదే, గదీ మీదే.

చీకటిగది:

చూశారా, తాడును వదులుకోవడానికి ముక్కాలిపీట గారికి అభ్యంతరం లేదు, నాకు ఉంది. ఈ పేచీ తెగదు.

పాతలెన్స్:

ఆర్డరు ఇచ్చేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, పిక్సెళ్లు తగ్గిపోతాయి. డాక్యుమెంటుగానో మెయిలు లింకుగానో పంపండి. ల్యాబువారి ఆటోమేటిక్ రంగుల సవరణ వద్దని స్పష్టంగా రాయండి; లేకపోతే పొగమంచును లోపంగా భావించి కాంట్రాస్టు పెంచేస్తారు. మౌంట్ కిందికి పోయే అంచుకోసం చుట్టూ పావు అంగుళం తెల్లని ఖాళీ వదిలి ప్రింట్ వేయమనండి. లేదంటే మౌంట్ కత్తిరించేవారు రెల్లుగడ్డి కొసలమీదికే వస్తారు.